విశాల ముద్రణ యంత్రాల ఎలక్ట్రానిక్ వ్యవస్థ

విశాల ముద్రణ యంత్రం లేక వైడ్ ఫార్మాట్ ప్రింటరు అనగా కాగితం, గుడ్డ, వినైల్, ఫ్లెక్సీ వంటి వెడల్పాటి చుట్టలపై సిరా బిందువులను చిమ్మి బొమ్మలను, అక్షరాలను ముద్రించే యంత్రం. వీటిలో రెండడుగుల వెడల్పు గల చిన్న యంత్రాలు మొదలుకొని పది అడుగులు, అంతకు మించిన వెడల్పు గలవి కూడా ఉన్నవి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వాడుకలో దీనిని ఫ్లెక్సీ మిషను అంటారు.

ఈ యంత్రం చేయవలసిన పని సరియైన చోట సరియైన రంగు బిందువును వేయుట. ఇందుకు రెండు సంగతులు ప్రతి క్షణం తెలిసి ఉండాలి. ఒకటి, సిరా చిమ్మే హెడ్ ఇప్పుడు ఎక్కడ ఉన్నది? రెండు, ఆ చోట ఏ బిందువు వేయాలి? మొదటి ప్రశ్నకు సమాధానం ఎన్‌కోడరు అనే కొలమానం నుండి, రెండవదానికి కంప్యూటరు పంపిన సమాచారం నుండి లభిస్తుంది. ఈ రెండింటిని సెకనుకు వేల సార్లు జత కలపడమే యంత్రంలోని ఎలక్ట్రానిక్ వ్యవస్థ ప్రధాన విధి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మీటర్ల కొద్దీ ఫ్లెక్సీ, సిరా వ్యర్థమవుతాయి. కొన్ని సందర్భాలలో యంత్రంలోకెల్లా ఖరీదైన భాగాలలో ఒకటైన హెడ్ కూడా పాడవుతుంది.

నేపథ్యం

పెద్ద చిత్రాలను యంత్రంతో గీయించుట కలంతో గీసే ప్లాటర్లతో మొదలైనది. అమెరికాకు చెందిన కాల్‌కాంప్ సంస్థ 1959లో విడుదల చేసిన 565 నమూనా డ్రమ్ ప్లాటరు ఒక్కొక్క ఆజ్ఞకు అంగుళంలో నూరవ వంతు చొప్పున అడుగులు వేస్తూ గీసేది. అడుగుల మోటార్లతో నడిచే ఇటువంటి పద్ధతిలో ఎన్ని ఆజ్ఞలు పంపితే అన్ని అడుగులు కదిలినట్లే లెక్క. మోటారు నిజంగా కదిలినదో లేదో పరిశీలించవలసిన పని లేదు. నెమ్మదిగా కదిలే కలానికి ఈ లెక్క సరిపోయినది.

1991లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ డిజైన్‌జెట్ పేరుతో పెద్ద సైజు ఇంక్‌జెట్ ప్రింటర్లను ప్రవేశపెట్టింది. ఇంక్‌జెట్ యంత్రంలో హెడ్ చాలా వేగంగా అటూ ఇటూ తిరుగుతుంది. వందలాది రంధ్రాలు ఒకే క్షణంలో పని చేస్తాయి. అందువలన ఆజ్ఞ ఇచ్చి ఊరుకొనుట చాలదు, జరిగిన కదలికను కొలిచి తెలుసుకొనుట తప్పనిసరి అయినది.

2000 తరువాతి దశాబ్దంలో ఈ యంత్రాలు తెలుగునాట పట్టణాలన్నింటికీ వ్యాపించాయి. గుడ్డ బ్యానర్లపై కుంచెతో వ్రాసే చిత్రకారుల పని చాలావరకు వీటి పరమైనది. సినిమా ప్రకటనలు, ఎన్నికల ప్రచారం, పెళ్ళి స్వాగతాలు, శ్రద్ధాంజలి ఫలకాలు మొదలైనవన్నీ వీటిపైనే ముద్రించడం పరిపాటి అయినది.

ముఖ్య భాగాలు

- క్యారేజి: హెడ్‌లను మోస్తూ యంత్రం వెడల్పున అటూ ఇటూ తిరిగే పెట్టె. ఇది ఒక పట్టాపై జారుతుంది. దీనిని పళ్ళ బెల్టు ద్వారా మోటారు లాగుతుంది.
- హెడ్: సూక్ష్మ రంధ్రాల ద్వారా సిరా చిమ్మే భాగం. ఈ రంధ్రాలనే నాజిల్ అంటారు. ఫ్లెక్సీ యంత్రాలలో కోనికా మినోల్టా తయారీ 512 రంధ్రాల హెడ్‌లు విరివిగా కనబడతాయి.
- ఎన్‌కోడరు పట్టీ, సెన్సారు: క్యారేజి స్థానాన్ని కొలిచే జంట.
- ఫీడ్ రోలరు: ముద్రణ జరిగే వస్తువును, అనగా మీడియాను, కొద్దికొద్దిగా ముందుకు జరిపే రోలరు.
- మెయిన్ బోర్డు: కంప్యూటరు నుండి సమాచారం స్వీకరించి మోటార్లను, హెడ్‌లను సమన్వయపరిచే బోర్డు.
- హెడ్ బోర్డు: క్యారేజిపై ఉండి, హెడ్‌లకు కావలసిన విద్యుత్ సంకేతాలను అందించే బోర్డు.

క్యారేజి చలనాన్ని గుర్తించుట

ఎన్‌కోడరు పట్టీ

క్యారేజి తిరిగే దారి పొడవునా ఒక సన్నని పారదర్శక పాలియెస్టరు పట్టీ బిగించి ఉంటుంది. దానిపై సమాన దూరాలలో నల్లని నిలువు గీతలు ఉంటాయి. అంగుళానికి 150 లేక 180 గీతలు గల పట్టీలు సాధారణం. క్యారేజి వెనుక అమర్చిన సెన్సారు ఈ పట్టీకి ఇరువైపులా ఆనుకోకుండా నిలుస్తుంది. ఒకవైపున కాంతి నిచ్చే డయోడు, రెండవవైపున కాంతిని గ్రహించే డయోడులు ఉంటాయి. క్యారేజి కదిలినప్పుడు నల్ల గీత అడ్డు వస్తే కాంతి ఆగుతుంది, ఖాళీ వస్తే ప్రసరిస్తుంది. ఈ వెలుగునీడల మార్పులను బోర్డు లెక్కించి దూరాన్ని తెలుసుకొంటుంది.

మోటారు ఇరుసుకే ఒక ఎన్‌కోడరు తగిలించి లెక్కించవచ్చు కదా అనే ప్రశ్న సహజం. సర్వో మోటార్లలో అటువంటిది ఉంటుంది కూడా. కాని మోటారుకు, క్యారేజికి మధ్య బెల్టు ఉన్నది. వేగం మారేటప్పుడు బెల్టు స్వల్పంగా సాగుతుంది. పట్టీని క్యారేజియే స్వయంగా చదువుతుంది కాబట్టి బెల్టు సాగినా లెక్క తప్పదు. అందుచేత బిందువులు వేయుటకు పట్టీ లెక్కనే ప్రమాణంగా తీసుకొంటారు.

దిశను తెలుసుకొనుట

ఒకే సెన్సారు ఉంటే ఎన్ని గీతలు దాటినదీ తెలుస్తుంది గాని ఎటువైపు దాటినదీ తెలియదు. అందువలన రెండు గ్రాహకాలను, ఒక గీత నుండి మరొక గీతకు గల దూరంలో నాలుగవ వంతు ఎడంగా అమర్చుతారు. వీటి సంకేతాలను ఏ, బి అని వ్యవహరిస్తారు. వెలుగును 1గా, నీడను 0గా వ్రాస్తే, క్యారేజి ఒక దిశలో కదిలినప్పుడు ఏ, బి విలువలు 00, 10, 11, 01, మరల 00 అనే వరుసలో మారతాయి. వ్యతిరేక దిశలో ఇదే వరుస తిరగబడుతుంది. ఈ వరుసను చూసి బోర్డు తన లెక్కకు ఒకటి కలుపుతుంది లేదా తీసివేస్తుంది.

ఈ వరుసలో ఒకసారికి ఒక అంకె మాత్రమే మారడం గమనించదగినది. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్రాంక్ గ్రే 1953లో పేటెంటు పొందిన గ్రే కోడ్ లక్షణం ఇదే. ఏ, బి రెండూ ఒకేసారి మారినట్లు కనబడితే మధ్యలో ఒక మార్పు జారిపోయినదని అర్థం. ఆ విధంగా తప్పును పసిగట్టే వీలు ఈ పద్ధతిలోనే ఇమిడి ఉన్నది.

ఒక్కొక్క గీతకు నాలుగు మార్పులు లభించడం దీని మరొక ప్రయోజనం. ఉదాహరణకు అంగుళానికి 180 గీతల పట్టీలో గీతకు గీతకు దూరం 25.4 ÷ 180 = 0.141 మిల్లీమీటర్లు. నాలుగు రెట్లు చేస్తే అంగుళానికి 720 స్థానాలు, అనగా 0.035 మిల్లీమీటర్ల సూక్ష్మత లభిస్తుంది. అంగుళానికి 1440 బిందువులు కావలసివస్తే, వరుసగా వచ్చిన రెండు మార్పుల మధ్య కాలాన్ని కొలిచి, దానిని సగం చేసి నడిమి స్థానాన్ని అంచనా కడతారు.

ఆరంభ స్థానం

ఈ పట్టీపై అంకెలు ఉండవు, గీతలన్నీ ఒకే మాదిరిగా ఉంటాయి. కావున యంత్రానికి విద్యుత్తు అందగానే క్యారేజి ఎక్కడ ఉన్నదో బోర్డుకు తెలియదు. స్విచ్ వేయగానే క్యారేజి నెమ్మదిగా ఒక చివరకు జరిగి, అక్కడ గల హోమ్ సెన్సారును తాకే వరకు ప్రయాణించుట ఇందువలననే. ఆ స్థానాన్ని సున్నాగా తీసుకొని లెక్క మొదలవుతుంది.

మోటారు నియంత్రణ

ఎన్‌కోడరు లెక్క మోటారు వేగాన్ని కూడా అదుపు చేస్తుంది. క్యారేజి ఉండవలసిన స్థానానికి, నిజంగా ఉన్న స్థానానికి గల తేడాను బోర్డు నిరంతరం చూస్తూ, తేడా పెరిగితే మోటారుకు విద్యుత్తు పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. దీనిని సర్వో నియంత్రణ అంటారు. ఇందులో ఒక ప్రమాదం కలదు. పట్టీ మురికిపట్టి సంకేతాలు ఆగిపోతే, క్యారేజి కదలడం లేదని బోర్డు భ్రమపడి విద్యుత్తును ఇంకా పెంచుతుంది. అప్పుడు క్యారేజి పోయి పక్క గోడను గుద్దుకొనే ప్రమాదం ఉన్నది. దీనిని నివారించుటకు, మోటారుకు విద్యుత్తు ఇస్తున్నా నిర్ణీత వ్యవధిలో సంకేతాలు రాకపోతే వెంటనే మోటారును నిలిపివేసే రక్షణను బోర్డులో ఏర్పరుస్తారు. తెరపై కనబడే సర్వో ఎర్రర్, ఎన్‌కోడర్ ఎర్రర్ వంటి హెచ్చరికలు ఈ రక్షణ పని చేసినదనుటకు గుర్తులు.

బిందువు పడే క్షణం

హెడ్‌కు చిమ్మమనే ఆజ్ఞ గడియారాన్ని బట్టి కాక స్థానాన్ని బట్టి వెళ్ళుట ఈ వ్యవస్థలోని కీలకాంశం. ఉదాహరణకు క్యారేజి సెకనుకు ఒక మీటరు వేగంతో పోతూ, అంగుళానికి 720 బిందువులు వేయవలసి ఉన్నదనుకొందాము. అప్పుడు సెకనుకు సుమారు 28,300 ఆజ్ఞలు వెళ్ళాలి, అనగా ఆజ్ఞకు ఆజ్ఞకు మధ్య 35 మైక్రోసెకన్లు. గడియారం ప్రకారం ఆజ్ఞలు పంపితే, క్యారేజి వేగం ఒక శాతం తగ్గినా మీటరు పొడవు బొమ్మ ఒక సెంటీమీటరు కుదించుకుపోతుంది. ఎన్‌కోడరు మార్పును బట్టి పంపినప్పుడు క్యారేజి నెమ్మదిస్తే ఆజ్ఞలు కూడా నెమ్మదిస్తాయి. బొమ్మ కొలత చెడదు.

అయితే ఆజ్ఞ వెళ్ళిన చోటనే బిందువు పడదు. పరుగెత్తే బండి నుండి జారవిడిచిన రాయి కొంత ముందుకు పోయి పడినట్లే, సిరా బిందువు కూడా క్యారేజి పోయే దిశలో ముందుకు సాగుతుంది. హెడ్‌కు మీడియాకు మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం, బిందువు వేగం సెకనుకు 6 మీటర్లు అనుకొంటే అది కిందికి చేరుటకు సెకనులో మూడువేలవ వంతు పడుతుంది. ఆ కాలంలో సెకనుకు మీటరు వేగం గల క్యారేజి మూడవ వంతు మిల్లీమీటరు జరుగుతుంది. ఒకే దిశలో ముద్రిస్తే ఈ జరుగుబాటు అన్ని బిందువులకు సమానం కనుక కంటికి తెలియదు. పోతూ వస్తూ ముద్రిస్తే పోయేటప్పుడు కుడికి, వచ్చేటప్పుడు ఎడమకు జరిగి, రెండింటి మధ్య 0.67 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఇది 720 లెక్కలో సుమారు 19 స్థానాలకు సమానం. ఆ మేరకు ఆజ్ఞలను ముందుకు జరుపుటనే ద్విదిశా సవరణ లేక బై-డైరెక్షన్ అలైన్‌మెంట్ అంటారు. హెడ్ ఎత్తు మార్చినప్పుడు గాని, వేగం మార్చినప్పుడు గాని ఈ సవరణను మరల చేయవలసి ఉంటుంది. బొమ్మ అంచులు దాటిన తరువాత కూడా క్యారేజి కొంత దూరం పోయి తిరిగి వచ్చుటకు కారణం కూడా ఇదే. వేగం స్థిరపడిన తరువాతనే బొమ్మ మొదలైతే అన్ని బిందువులూ ఒకే మేరకు జరుగుతాయి.

మీడియాను ముందుకు జరుపుట

క్యారేజి ఒకసారి దాటినప్పుడు ముద్రణ అయ్యే పట్టెను పాస్ అంటారు. అంగుళానికి 360 చొప్పున 512 రంధ్రాలు గల హెడ్‌కు ఈ పట్టె ఎత్తు 36.1 మిల్లీమీటర్లు. పాస్ ముగియగానే ఫీడ్ రోలరు మీడియాను లెక్క ప్రకారం జరపాలి. ఎక్కువ జరిగితే పట్టెల మధ్య తెల్ల గీత, తక్కువ జరిగితే నల్లని గీత కనబడుతుంది. ఒకే చోటును నాలుగు పాస్‌లలో నింపినప్పుడు ఒక్కొక్క అడుగు 9 మిల్లీమీటర్లు మాత్రమే అవుతుంది. అప్పుడు తప్పులు చెదిరిపోయి తక్కువగా కనబడతాయి, కాని ముద్రణ నెమ్మదిస్తుంది.

రోలరు ఇరుసుపై గుండ్రని ఎన్‌కోడరు గాని, అడుగుల మోటారు గాని ఉంటుంది. ఇవి కొలిచేది రోలరు తిరిగిన కోణాన్నే గాని మీడియా జరిగిన దూరాన్ని కాదు. రోలరు వ్యాసంలో నూటికి 0.1 వంతు తేడా ఉన్నా 36 మిల్లీమీటర్ల అడుగులో 0.036 మిల్లీమీటర్ల తప్పు వస్తుంది. ఇది 360 లెక్కలో బిందువుకు బిందువుకు గల దూరంలో సగం. మీడియా మందం, జారుడు, చుట్ట బరువు కూడా ఫలితాన్ని మారుస్తాయి. కావుననే కొత్త రకం ఫ్లెక్సీ వేసిన ప్రతిసారి నమూనా ముద్రించి, స్టెప్ విలువను సరిచేస్తారు. కొన్ని యంత్రాలలో మీడియా అడుగు భాగాన్ని చిన్న కెమెరా వంటి సెన్సారుతో చూసి, నిజంగా జరిగిన దూరాన్ని కొలుస్తారు. హ్యూలెట్-ప్యాకార్డ్ డిజైన్‌జెట్ జెడ్6100 ఇందుకు ఉదాహరణ.

సమాచార స్వీకరణ

రిప్ సాఫ్ట్‌వేరు

డిజైనరు తయారు చేసిన బొమ్మ యంత్రానికి నేరుగా అర్థం కాదు. బొమ్మలోని ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల పరిమాణం ఉంటుంది. యంత్రానికి కావలసినది నీలాకుపచ్చ, గులాబి, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలలో ప్రతి స్థానంలో బిందువు వేయాలా వద్దా అనే నిర్ణయం. ఈ మార్పిడిని రిప్ అనే సాఫ్ట్‌వేరు చేస్తుంది. లేత రంగులకు బిందువులను పలుచగా, ముదురు రంగులకు ఒత్తుగా చల్లే ఏర్పాటు కూడా దీనిదే.

ఈ సమాచారం ఎంతో చూద్దాము. 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు గల ఫ్లెక్సీ అనగా 120 × 60 అంగుళాలు. రెండు దిశలలోను అంగుళానికి 360 బిందువులైతే ఒక్కొక్క రంగుకు 43,200 × 21,600, అనగా 93 కోట్లకు పైగా స్థానాలు. స్థానానికి ఒక బిట్ చొప్పున నాలుగు రంగులకు సుమారు 467 మెగాబైట్లు. సూక్ష్మతను 720కి పెంచితే ఇది నాలుగింతలై 1.87 గిగాబైట్లు అవుతుంది. చిన్న, మధ్య, పెద్ద బిందువులను వేసే హెడ్‌లకు స్థానానికి రెండు బిట్లు కావాలి కాబట్టి మరల రెట్టింపవుతుంది.

కంప్యూటరు నుండి యంత్రానికి

యంత్రాన్ని కంప్యూటరుకు యూఎస్‌బీ, ఈథర్‌నెట్ లేక ఆప్టికల్ ఫైబరు ద్వారా కలుపుతారు. పై ఉదాహరణలో నాలుగు హెడ్‌లు, సెకనుకు అర మీటరు వేగం అనుకొంటే సెకనుకు కావలసిన సమాచారం 1.8 మెగాబైట్లు మాత్రమే. 2000 సంవత్సరంలో వచ్చిన యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగమైన సెకనుకు 480 మెగాబిట్లతో పోలిస్తే ఇది చాలా స్వల్పం. కావున చిక్కు వేగంలో కంటె నిలకడలోనే ఎక్కువ. కంప్యూటరు వేరే పనిలో పడి కొద్ది క్షణాలు సమాచారం పంపకపోవచ్చు. పరుగులో ఉన్న క్యారేజి మాత్రం ఆగలేదు.

దీనికి పరిష్కారం మెయిన్ బోర్డులోని తాత్కాలిక జ్ఞాపకం. దీనిని బఫరు అంటారు. పై ఉదాహరణలో ఒక పాస్‌కు కావలసిన సమాచారం సుమారు 11 మెగాబైట్లు. పాస్ సమాచారం మొత్తం బఫరుకు చేరిన తరువాతనే క్యారేజిని కదిలించుట సురక్షితమైన పద్ధతి. ఒక పాస్ ముద్రిస్తూ ఉండగా తరువాతి పాస్ సమాచారం రెండవ బఫరులో నిండుతూ ఉంటుంది. సమాచారం ఆలస్యమైతే క్యారేజి పాస్ చివర ఆగి ఎదురు చూస్తుంది. అప్పుడు బొమ్మ కొలత చెడదు. కాని ఆగిన వ్యవధిలో ముందరి పట్టె సిరా ఆరిపోయి, తరువాతి పట్టెకు దానికి నిగారింపులో తేడా రావచ్చు.

బోర్డు నుండి హెడ్‌కు

మెయిన్ బోర్డు నుండి క్యారేజికి సమాచారం గొలుసు వంటి కేబుల్ దారిలో ప్రయాణిస్తుంది. ఈ కేబుల్ క్యారేజితో పాటు రోజంతా వంగుతూ విచ్చుకుంటూ ఉంటుంది. మోటార్లు, హీటర్లు, ఫ్లెక్సీ రాపిడి వలన పుట్టే స్థిర విద్యుత్తు సంకేతాలను చెడగొట్టకుండా, ఒకే సంకేతాన్ని పరస్పర వ్యతిరేకంగా రెండు తీగలలో పంపి, అవతలి చివర వాటి తేడాను మాత్రమే తీసుకొంటారు. అలజడి రెండు తీగలకు ఒకే విధంగా తగులుతుంది కాబట్టి తేడాలో అది కనబడదు. ఫైబరులో ప్రయాణించేది కాంతి కనుక దానికి ఈ బాధ ఉండదు.

హెడ్‌లోని రంధ్రాలన్నింటికీ విడివిడి తీగలు వేయుట సాధ్యం కాదు. అందుచేత బిట్లు ఒకదాని వెంట ఒకటిగా షిఫ్ట్ రిజిస్టరులోకి ప్రవేశిస్తాయి. అన్నీ చేరిన తరువాత వాటిని ఒక్కసారిగా బిగించి పట్టి ఉంచుతారు. తరువాతి ఎన్‌కోడరు మార్పు రాగానే చిమ్మే ఆజ్ఞ వెలువడుతుంది. 1 ఉన్న రంధ్రాలు మాత్రమే సిరా చిమ్ముతాయి. పీజో హెడ్‌లలో ఈ పని చేసేది విద్యుత్తు తగలగానే ఆకారం మారే స్ఫటిక పదార్థం. 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న పీజో విద్యుత్ ధర్మానికి ఇది విపర్యయం.

నాలుగు రంగుల హెడ్‌లు క్యారేజిపై పక్కపక్కనే కొంత ఎడంగా ఉంటాయి. ఒక హెడ్‌లోనే రంధ్రాలు రెండు వరుసలుగా ఉండవచ్చు. కావున బొమ్మలో ఒకే చోట ఉన్న నాలుగు రంగుల బిందువులను నాలుగు వేర్వేరు క్షణాలలో చిమ్మాలి. ఆ ఎడాన్ని ఎన్‌కోడరు స్థానాలలోకి మార్చి, ఏ రంగు సమాచారాన్ని ఎన్ని స్థానాలు ఆపి పంపాలో బోర్డు లెక్క కడుతుంది. ఈ సంఖ్యలు తప్పితే రంగులు ఒకదానిపై ఒకటి కూర్చోవు.

తెలుగు అక్షరాల ముద్రణ

తెలుగు డీటీపీలో యూనికోడ్ కాని ఫాంట్ల వాడకం ఎక్కువ. అటువంటి ఫాంటు రిప్ ఉన్న కంప్యూటరులో లేకపోతే అక్షరాలు వేరే గుర్తులుగా మారిపోతాయి. అందుచేత ఫైలును పంపే ముందే అక్షరాలను గీతల ఆకారాలుగా, అనగా కర్వ్స్‌గా, మార్చుట దుకాణాలలో ఆనవాయితీ. ద్విదిశా సవరణ తప్పినప్పుడు సున్న, వత్తులు వంటి చిన్న గుండ్రని ఆకారాల పక్క అంచులు రెండుగా కనబడతాయి. చిన్న అక్షరాల పాఠంలో ఈ లోపం త్వరగా బయటపడుతుంది.

లోపాలు, కారణాలు

ముద్రణలో లోపం కనబడిన తీరును బట్టి చలన విభాగంలో తప్పు ఉన్నదో, సమాచార విభాగంలో తప్పు ఉన్నదో చాలావరకు గుర్తించవచ్చు.

- బొమ్మ ఏదైనా వెడల్పులో ఒకే చోట చెదరుట, లేదా అక్కడి నుండి పక్కకు జరుగుట: ఎన్‌కోడరు పట్టీపై ఆ చోట సిరా తుంపర గాని, గీరుడు గాని ఉన్నది. మెత్తని, పీచు రాలని గుడ్డతో తుడవాలి. గీతలను కరిగించే ఘాటైన సాల్వెంటు వాడరాదు.
- సమాన దూరాలలో అడ్డంగా తెల్ల లేక నల్ల గీతలు: మీడియా అడుగు తప్పుతున్నది. స్టెప్ విలువ సరిచేయాలి.
- నిలువు గీతలు జంటలుగా కనబడుట: ద్విదిశా సవరణ లేదా హెడ్ ఎత్తు మారినది.
- ఒకే రంగులో సన్నని గీతలు ఎప్పుడూ ఒకే రంధ్రం వద్ద లోపించుట: రంధ్రం పూడినది. ఇది ఎలక్ట్రానిక్ లోపం కాదు.
- ఒక రంగు ఉండి ఉండి మాయమగుట, లేదా అర్థం లేని చుక్కలు పడుట: హెడ్ కేబుల్ అరిగినది లేదా సరిగా కూర్చోలేదు.
- బొమ్మ మధ్యలో ముద్రణ ఆగుట: కంప్యూటరుతో సంబంధం తెగినది. యూఎస్‌బీ కేబుల్ పొడవు 5 మీటర్లకు మించకుండా, యంత్రానికి సరైన ఎర్తింగు ఉండేటట్లు చూడాలి.

హెడ్ కేబుళ్ళను విద్యుత్తు ఉండగా తీయుట, పెట్టుట చేయరాదు. హెడ్‌కు అందే వోల్టేజి సమాచార సంకేతాల వోల్టేజి కంటె చాలా ఎక్కువ. కేబుల్ వంకరగా కూర్చున్నా, దాని కొసపై సిరా చుక్క పడినా ఆ వోల్టేజి పక్క తీగలోకి ప్రవహించి హెడ్‌ను, బోర్డును రెండింటినీ కాల్చివేయగలదు.

భారీ హోర్డింగులను ముక్కలుగా ముద్రించి అతికేటప్పుడు వాతావరణం కూడా లెక్కకు వస్తుంది. మూడు మీటర్ల పాలియెస్టరు పట్టీ పది డిగ్రీల వేడికి సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. కాబట్టి ఒకే బొమ్మ ముక్కలన్నింటినీ ఒకే యంత్రంపై, వరుసగా ముద్రించుట మంచిది.

ఇవి కూడా చూడండి

- ఇంక్‌జెట్ ప్రింటరు
- పీజో విద్యుత్తు
- సర్వో మోటారు
- గ్రే కోడ్
- డీటీపీ